ఆట మధ్యలో లేచిన జంపఖానా

మొన్న వాన వెలిసిన సాయంత్రం కొత్తవాడ సందులో నడుస్తుంటే తడి నూలు వాసన తగిలింది. ఎవరో జంపఖానాను గోడ మీద ఆరేశారు. అద్దకం రంగు, మట్టి కలిసిన ఆ వాసనకు నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. కళ్లు మూసుకుంటే లేత ఎండలో పరిచిన పొడవాటి ఎర్ర జంపఖానా, దాని అంచుకు వంగి మేకులు దిగ్గొడుతున్న యాకూబ్ మామ కనిపించారు. ఆయన మా వీధి నేతగాడు, మా క్రికెట్ క్లబ్బుకు పెద్దదిక్కు. అంతటి మనిషికి బ్యాటు పట్టడం మాత్రం చేతకాదు. అంపైరుగా నిలబడితే, ఎల్బీడబ్ల్యూ మీద నమ్మకం లేదని ఎవరికీ ఇచ్చేవారు కాదు.

మా క్లబ్బు నిజానికి ఆట కోసం పుట్టింది కాదు, చావుల కోసం పుట్టింది. బతుకుదెరువుకు వచ్చిన ఒక నేతగాడు పోతే మోయడానికి నలుగురు దొరకలేదట. ఆ సిగ్గుతో వీధిలోని ముస్లింలు, పద్మశాలీలు కలిసి అన్నదమ్ముల్లా ఉండాలని భాయిచారా సంఘం పెట్టుకున్నారు. పాడె అయినా జనాజా అయినా అందరూ భుజం పట్టాలి. చావింటికి వచ్చినవాళ్లు కటిక నేల మీద కూర్చోకూడదని, తలా ఒక పూట మగ్గం ఎక్కి ఆ జంపఖానా నేశారు. ఎవరి చేతి బిగువు వారిది కనుక అది ఒకచోట గట్టిగా, ఇంకోచోట వదులుగా ఉండేది.

చావుకూ చావుకూ నడుమ అది మూలన పడి ఉంటే, కుర్రాళ్లు పిచ్ మీద పరుచుకుంటామని అడిగారట. పెద్దలు కస్సుమన్నారు. ఎలుకలు కొరికేదానికన్నా పిల్లలు ఆడేది నయం కదా అని యాకూబ్ మామే ఒప్పించారు. అలా ఆ సంఘమే మా క్లబ్బయింది. షరతు ఒక్కటే. కబురు వస్తే ఆట ఎక్కడున్నా సరే, మేకులు పీకాల్సిందే. కాజీపేట నుంచి వచ్చే జట్లు మా బౌలింగ్ కన్నా ఆ చావు జంపఖానాకే ఎక్కువ జంకేవి. దాని మీద బంతి ఎక్కడ పడితే ఎటు లేస్తుందో మాకు మాత్రమే తెలుసు.

నా మంచి రోజులు కూడా దాని మీదే గడిచాయి. బంతి నా మాట వినే వయసది. ఒక ఆదివారం రైల్వే జట్టుకు ఆటగాళ్లను ఎంపిక చేసే పెద్దాయన నన్ను చూడడానికే వచ్చారు. నచ్చితే జట్టులో చోటు, దాంతోపాటు ఉద్యోగం. మా ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ నెల జీతం తెలియదు. రెండో ఓవరుకు బంతి అందుకున్నానో లేదో, మల్లయ్య తాత పోయాడని కబురు వచ్చింది. తన వాకిట్లో పడ్డ బంతిని ఏనాడూ తిరిగివ్వని ముసలాయన. యాకూబ్ మామ మేకుల దగ్గరికి నడిచారు.

నేను అడ్డం వెళ్లాను. "మామా, జర ఆగు. సారు చూసిపోతడు. రెండు ఓవర్లే."

ఆయన తల ఎత్తలేదు. "రాత్రి వాన పడ్డది శీనూ. ఆడోళ్లు బురదల కూసున్నరంట."

జంపఖానా చుట్టుకుని భుజాన వేసుకుని నడిచిపోయారు. రెండో కొస వేలాడుతుంటే, అవతలి జట్టు కెప్టెన్ పరుగెత్తుకెళ్లి పట్టుకున్నాడు. ఆట ఆగిపోయింది. పెద్దాయన కాసేపు చూసి తన రైలుకు వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. నేనూ మైదానానికి వెళ్లడం మానేశాను. ఎదురుపడితే మామను చూడనట్టు పోయేవాణ్ణి.

చలికాలంలో ఒకరోజు ఆయనే వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఎదురింట్లో మగ్గం చప్పుడు నిద్రలోంచి వస్తున్నట్టు వినపడుతోంది. ఆయన నెమ్మదిగా అన్నారు.

"అల్లుడా, ఆ దినం నాకూ ఆగాల్ననే అనిపించింది. మల్లయ్యకేం తొందర, పోయినోడు మల్ల ఏడికి పోతడు అనుకున్న. గని ఒక్కపారి ఆగితే, ఇంకోపారి ఇంకింత సేపు ఆగుతం. నీ నౌకరి నా చేతులనే పోయింది. గది నాకు ఎరుకే."

క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే నేను క్షమించేవాణ్ణి కాదేమో. మర్నాడు మైదానానికి వెళ్లాను.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు చావు ఇళ్లకు టెంట్ హౌస్ కుర్చీలు వస్తున్నాయి, క్లబ్బు సిమెంటు పిచ్ మీద ఆడుతోంది. నాది బావి మోటార్లు బాగుచేసే దుకాణం. కాజీపేట వైపు రైలు కూత వినిపిస్తే ఆ ఉద్యోగం ఇప్పటికీ గుర్తొస్తుంది, ఇప్పటికీ బాధే. మామ మీద మాత్రం ప్రేమే తప్ప కోపం లేదు. వీధిలో ఎవరో పోయారని తెలిస్తే, మోటారు విప్పి ఉన్నా సరే షట్టర్ దించేస్తాను. రైతులు పొలం ఎండుతోందని, రెండు నిమిషాలు ఆగితే అయిపోతుందని బతిమాలుతారు. వాళ్లు చెప్పేది నిజమే. నాకూ ఆగాలనే ఉంటుంది. తాళం వేసి బయల్దేరతాను.