మూడు గంటల తలనొప్పి

మా మామయ్యను బంధువులంతా గాలిమామ అంటారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగించడం ఆయన పని. చొక్కా జేబులో ఎప్పుడూ పలచని కాగితం ముక్క ఒకటి ఉంటుంది. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తాగకముందే దాన్ని కిటికీ దగ్గర ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి పట్టుకుని, ఎటు ఊగుతుందో చూడాల్సిందే. "మాకు ఏసీ ఉందిగా" అన్నవాళ్ళ పని అయిపోయినట్టే.

"ఏసీ చల్లబరుస్తుంది, అంతే. మీరు వదిలిన గాలే మీరు మళ్ళీ పీలుస్తున్నారు. కొత్త గాలి ఎటునుంచి వస్తుందో చెప్పండి ముందు" అని నిలదీస్తాడు.

అంతటి మనిషి ఇంట్లో అత్తయ్యకు ఏడాదిగా తలనొప్పి. ఆమె వెనక గదిలో బట్టలు కుడుతుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి తల పగిలిపోయేది, కళ్ళు మూతలు పడేవి. కళ్ళజోడు రెండుసార్లు మార్చింది. ఆఖరికి విసిగిపోయి, "ఈ నెలతో కుట్టడం మానేస్తాను. ఇక నా వల్ల కాదు" అంది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. ఆ మాట అంటున్నంతసేపూ మిషన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. 

మామయ్య బుర్రను మాత్రం ఇంకేదో తొలుస్తోంది.

"మొన్న మీ చెల్లెలింట్లో పొద్దస్తమానం కుట్టావు కదా. అక్కడ నొప్పి రాలేదేం?"

"ఏమో, రాలేదు మరి."

మర్నాడు అన్నం తిన్నాక, అలవాటైన కునుకు మానేసి వెనక గదికి వెళ్ళాడు. చూద్దామని నేనూ వెంట నడిచాను. తలుపు ఒక పట్టాన రాలేదు. కింద సందు నిండా గుడ్డపీలికలు కుక్కి ఉన్నాయి. లోపల అత్తయ్య కుడుతోంది, ఆయన బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. తలుపు మళ్ళీ మూసి, పీలికలు ఎప్పటిలా సర్ది, ఫ్యాన్ దగ్గర కాగితం పట్టుకున్నాడు. అది కాస్త కదిలి ఊరుకుంది.

కిటికీ వైపు చూశాడు. అంచులన్నీ టేపుతో మూసేసి ఉన్నాయి. తెల్లబట్టల మీద దుమ్ము పడుతోందని అత్తయ్య అంటే, కిందటేడు ఆ టేపు అంటించింది ఆయనే.

"లోపలికి వచ్చే దారే లేకపోతే ఫ్యాన్ మాత్రం దేన్ని బయటికి తోస్తుంది?" అని గొణుక్కుంటూ తలుపు బార్లా తీశాడు. కాగితం చటుక్కున పోయి ఫ్యాన్ జాలీకి అతుక్కుంది.

"ఈ గుడ్డలెందుకు కుక్కావు?"

అత్తయ్య తలెత్తలేదు. "మధ్యాహ్నం మీరు పడుకుంటారుగా. మిషన్ చప్పుడుకి లేస్తారని."

లోకాన్నంతా నిలదీసే మామయ్య స్టూలెక్కి, టేపు గోటితో గీకుతూ చాలాసేపు గోడవైపే తిరిగి ఉన్నాడు. సాయంత్రానికి దుమ్ము ఆపేలా కిటికీకి సన్నని జాలీ బిగించాడు.

అత్తయ్య కుట్టుపని మానలేదు. ఇప్పుడు కిటికీ, తలుపు రెండూ తెరిచే ఉంటాయి. మామయ్య ఆ చప్పుడులోనే నిద్రపోతాడు. కాసేపు చప్పుడు ఆగిందంటే మాత్రం ఉలిక్కిపడి లేస్తాడు.

"తలనొప్పా?"

"దారం అయిపోయింది. పడుకోండి."