కట్టు కట్టిన చేయి

ఎనిమిదేళ్ళ కిందట, ఆషాఢమాసం, ఒక మంగళవారం. మధ్యాహ్నం మూడుంపావు. ఆ గంట నుంచి మోస్తున్నదాన్ని ఇవాళ మీ ముందు దించుతున్నాను. కథలు రాసేదాన్ని కనుక ఇదీ కథే అనుకుంటారేమో. కాదు.

నాకు ముప్పై నాలుగో ఏట కీళ్ళవాతం వచ్చింది. ఇప్పుడు డెబ్బై ఒకటి. వేళ్ళు వాచిన రోజున పెన్ను మూత కూడా తీయలేను. ఎప్పుడో ఒక పొద్దున మాత్రం అవి నొప్పి లేకుండా ముడుచుకుంటాయి, విచ్చుకుంటాయి. అది మంచిరోజు. ఆ రోజే రాయాలి. మంచిరోజు వచ్చిందని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఉండడం మెల్లగా నేర్చుకున్నాను. చెబితే అది నాది కాకుండా పోతుంది. ఒకరికి బ్యాంకు పని గుర్తొస్తుంది, ఇంకొకరికి పేరంటం. దాన్ని తప్పనుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా అనుకోను. ఆ మంగళవారం తప్ప.

ఆ రోజు పంజాగుట్టలో మా ఇంట్లో పొద్దుటి నుంచి రాస్తున్నాను. మెట్ల మీద చెల్లెలి చెప్పుల చప్పుడు వినబడింది. ఆమెకు అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, జాకెట్లు కుట్టే దుకాణం. కాగితాలు దిండు కిందికి తోశాను. కుడిచేతికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకున్నాను. అంత వేగంగా ఎలా చుట్టగలిగాను?

“అక్కా, కంటి ఆస్పత్రికి పోదాం రావే. బల్బు చుట్టు రంగురంగుల చక్రాలు కనబడుతున్నయి. సూదిల దారం ఎక్కియ్యనీకి సుత తిప్పలైతుంది.”

“ఒక్కదానివి పోరాదా?”

“నాకేం తెలుస్తది గా చీటీలు, గా కౌంటర్లు? ఆస్పత్రులల్ల నువ్వు పాతకాపువి. ఆషాఢం గదా, పెండ్లిళ్ళు లేవు, జాకెట్లు లేవు. మస్తు ఖాళీగున్న.”

“వాన పట్టింది గదనే. చెయ్యి లేస్తలేదు, చూడు.”

నవ్వింది. “నా కండ్ల సంగతి ఎత్తంగనే నీ చెయ్యి వాస్తది. ఏం కుళ్ళే నీకు!” అంటూనే దగ్గరికి వచ్చింది. “సరే, ఫికర్ చెయ్యకు. నీకు నెమ్మదైనంక పోదాం.”

వదులుగా ఉన్న కట్టు విప్పి తనే మళ్ళీ కట్టింది.

నా చూపుడువేలి మీద సిరా ఇంకా తడిగా ఉంది. ఆమె వేలు దాని మీదుగా పోయింది. వందల దారాల్లోంచి చీరకు సరిపడే రంగును ఒక్క చూపుతో తీసే మనిషి. వాపు లేని మణికట్టు ఆమెకు కనబడలేదు. సిరా కనబడలేదు. అప్పుడు నాకేమనిపించిందో చెప్పడానికే ఇదంతా. అయ్యో, ఇంత దగ్గరిది కూడా కనబడడం లేదా అనిపించలేదు. బతికిపోయాను, చూడలేదు అనిపించింది.

ఆమె వెళ్ళాక కథ పూర్తిచేశాను. జబ్బుతో బతికే ఒక ఆడమనిషి కథ. అచ్చయ్యాక ఎంత నిజాయితీగా రాశారు అన్నారు. కాదనలేదు.

ఆ నెలలో మంచిరోజులు మరో ఐదు వచ్చాయి. ఒక్కటి ఇచ్చి ఉంటే సరిపోయేది. ఆమె ఫోన్ చేసి నా చేయి ఎలా ఉందని అడిగేది, తన కంటి మాట ఎత్తేది కాదు. శ్రావణం వచ్చింది, పెళ్ళి జాకెట్లు మీద పడ్డాయి. కార్తీకంలో ఒక జాకెట్టు చేతిని తిరగేసి కుట్టింది. అప్పుడు తీసుకుపోయాను. ఆ రోజు నా వేళ్ళు నిజంగానే వాచి ఉన్నాయి. అయినా వెళ్ళగలిగాను కదా?

డాక్టరు నీటికాసులు, అంటే గ్లకోమా అన్నాడు. పోయిన చూపు తిరిగి రాదు, వానాకాలంలోనే వచ్చి ఉంటే చాలావరకు నిలిచేది అన్నాడు. తిరిగొస్తుంటే ఆటోలో చెల్లెలే నన్ను ఓదార్చింది. “నువ్వేం జేస్తవే, నీకు పానం బాగలేకపాయె.”

ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. తిడుతుందని కాదు. తిట్టదేమోనని. ఇది అచ్చయినా చదివే చూపు ఆమెకు లేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నానా? అవును. అదీ ఒప్పుకుంటున్నాను. రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. అంతకుమించి నాకేమీ రావలసింది లేదు.

పోయినవి ఇవి. చెల్లెలి ఎడమకంటి చూపు, పూర్తిగా. కుడికంటిలో సగం. ఇరవై ఆరేళ్ళ దుకాణం. ఒంటరిగా రోడ్డు దాటడం. నావైపు నుంచి పోయింది ఏమీ లేదు. కథ పదకొండు పేజీలు వచ్చింది.