మావయ్య నన్ను అడుగుతూనే ఉన్న ప్రశ్న

నిన్న పొద్దున హాస్పిటల్లో డ్యూటీలో ఉన్నాను. అత్తయ్య నుంచి ఫోన్.

"మీ మావయ్య లేవట్లేదమ్మా..."

నిద్రలోనే వెళ్లిపోయారు.

నేను నర్సుని. ఇలాంటి వార్తలు ఎవరో ఒకరికి చెప్పడం నాకు అలవాటే. అయినా చేతిలో ఉన్న బీపీ మెషీన్ ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

మా సుందరం మావయ్య అమ్మకి సొంత తమ్ముడు. యూనివర్సిటీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్‌గా రిటైరై అమలాపురం వచ్చేశారు. ఇది చదివేవాళ్లలో చాలామంది ఆయనతో ఒక్కసారైనా వాదన పెట్టుకునే ఉంటారు.

ఆరోగ్యం పేరుతో ప్రభుత్వం ఏ రూల్ పెట్టినా ఆయనకి ఒళ్లుమంట. గుట్కా నిషేధం, హెల్మెట్ ఫైన్, హోటళ్ల తనిఖీ, దేన్నీ వదల్లేదు. "ఎవడి ప్రాణం వాడికి తీపే కదమ్మా, మధ్యలో ఆఫీసరెందుకు?" అనేవారు.

ఒకసారి బస్టాండ్ దగ్గర బజ్జీల బండి ముందు నాకు దొరికిపోయారు. ఆ నూనె చూసి మొహం చిట్లించాను.

"ఇదిగో, గవర్నమెంటు వచ్చేసిందండోయ్!" అని బండాయనతో అని, కావాలనే ఇంకో ప్లేటు చెప్పారు.

మర్నాడు ఓఆర్ఎస్ కలిపి ఇచ్చింది నేనే. అప్పుడు కూడా, "బజ్జీల వల్లేనని రుజువేంటమ్మా?" అన్నారు. నవ్వలేక చచ్చాను.

ఇప్పుడు నవ్వు రావడం లేదు.

కరోనా తగ్గిందనుకుని చర్చిలు మళ్లీ తెరిచిన రోజులవి. మా ఊరి చర్చిలో ప్రభు బల్ల ఆదివారం ద్రాక్షారసం అందరూ ఒకే గిన్నెలో తాగుతారు. తాతల నాటి నుంచీ అంతే. ఆఫీసర్లు వద్దన్నారని పాస్టరుగారు విడివిడిగా చిన్న కప్పులు తెప్పించారు.

సంఘ పెద్దల మీటింగులో మావయ్య లేచారు.

"మా తాతకి టీ కొట్టులో వేరే గ్లాసు పెట్టేవారండి. బయట, చూరులో. నలుగురితో ఒకే గిన్నెలో తాగనిచ్చింది ఇక్కడే. ఇప్పుడు ఆరోగ్యం పేరు చెప్పి మళ్లీ ఎవడి గ్లాసు వాడికిస్తారా? భయమున్నోళ్లు ఇంటి దగ్గరుంటారు. ఎవరి రిస్కు వాళ్లు లెక్కేసుకోగలరండి."

"ఆయ్, నిజమేనండి" అన్నారు అందరూ. కళ్లు తుడుచుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ తాత మాటలో అబద్ధం లేదు. అదే నన్ను ఇంకా తినేస్తోంది.

కప్పులు అట్టపెట్టెలోనే ఉండిపోయాయి.

అమ్మకి షుగరు. నెలల తరబడి గడప దాటలేదు. వెళ్లొద్దని బతిమాలాను. ఆ శనివారం మావయ్య స్వయంగా వచ్చి, "అక్కా, రేపు బల్ల. రా" అన్నారు.

"వాడు అంత చదువుకున్నాడు, వాడికి తెలీదేంటే?" అని అమ్మ తెల్లచీర తీసి పెట్టుకుంది.

నెల తిరక్కుండానే అమ్మని సమాధి చేశాం.

గిన్నె వల్లేనని ఎవరూ రుజువు చేయలేరు. నేనూ చేయలేను.

ఆ తర్వాత మొదలయ్యాయి మావయ్య ఫోన్లు.

"అమ్మాయ్, ఆ వారం మీ అమ్మ బజారుకేమైనా వెళ్లిందా? గ్యాస్ అతను లోపలికొచ్చేడా? పోనీ, చేపలావిడ?"

లేదు మావయ్యా. ఎవరూ రాలేదు.

పేపర్లో ఆయన రాసే వ్యాసాలు మాత్రం ఆగలేదు. రూల్స్ మీద అదే వెటకారం. చదివినప్పుడల్లా ఒళ్లు మండేది. ఒక్కసారి "తప్పయిపోయిందమ్మా" అంటారేమోనని ఏళ్ల తరబడి ఎదురుచూశాను. నాకు కావలసింది అంతే. అనలేదు. క్రిస్మస్‌కి ఫోన్ చేసినా, నా పుట్టినరోజుకి చేసినా, చివర్లో మళ్లీ అదే ప్రశ్న.

పోయిన వారం చేశారు. గొంతు బాగా నీరసించిపోయింది. నాకు జాలేసింది. అన్నేళ్ల కోపం ఎటు పోయిందో తెలీదు.

"ఇప్పుడు గుర్తొచ్చింది మావయ్యా. ఆ వారం అమ్మ బజారుకెళ్లింది. చీరల కొట్లో చాలాసేపు కూర్చుందట" అని అబద్ధం చెప్పేశాను.



"లేదమ్మా" అన్నారు. "అక్క ఎక్కడికీ వెళ్లలేదు. నేను రమ్మంటే చర్చికొచ్చింది. అంతే."

పెట్టేశారు.

అదే ఆఖరి ఫోన్ అని నాకు తెలీదు. నిన్నటి నుంచి ఎవరి ఫోన్ మోగినా ఉలిక్కిపడుతున్నాను.

వెళ్లి రండి మావయ్యా. ఇక నన్ను అడగక్కర్లేదు. అమ్మ దగ్గరికే వెళ్తున్నారుగా.

ఆ ప్రభువు మీ మనసుకి నెమ్మది ఇవ్వాలి.