అమ్మ పగటి నిద్ర

మా అమ్మ పగటిపూట పడుకోవడం నేను మొదటిసారి చూసింది ఒంటిపూట బడులు మొదలైన వారంలో. ఖమ్మంలో, మిర్చి యార్డుకు దగ్గరలోని బస్తీలో ఒక రేకుల గదిలో కిరాయికి ఉండేవాళ్ళం, అమ్మా నేనూ. బడి నుంచి వచ్చి తలుపు తోస్తే, చాప కూడా పరుచుకోకుండా చల్లటి గచ్చుకు చెంప ఆనించి పడుకుని ఉంది. జ్వరమేమోనని భయపడి నుదుటి మీద చెయ్యి పెట్టాను. లేదు. ఉత్త నిద్ర.

నాన్న యార్డులో హమాలీగా చేసేవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయాక అమ్మ అదే యార్డుకు తొడిమలు తీసే పనికి వెళ్ళింది. మిర్చి సీజనులో మా బస్తీలో గాలే ఎర్రగా ఉన్నట్టుండేది. వాకిట్లో నిలబడితే తుమ్ములు. ఆడవాళ్ళంతా మూతికి పాత చీర పేలికలు కట్టుకుని, మిరపకాయల కుప్పల ముందు పొద్దుగూకేదాకా కూర్చునేవాళ్ళు. ఇంటికి వచ్చాక అమ్మ నన్ను అరచేతులతో ముట్టుకునేది కాదు. నా జుట్టు సవరించాలన్నా, ముఖం తుడవాలన్నా మోచేయే. చిన్నప్పుడు అమ్మ ముద్దు చెయ్యడమంటే నాకు ఆ గరుకు మోచేయి తాకడమే.

ఆ ఏడాది చలికాలంలో అమ్మకు పింఛను వచ్చింది. భర్త పోయిన ఆడవాళ్ళకు సర్కారు ఇచ్చేది. పక్కింటి ముసలమ్మ పట్టుబట్టి, ఆఫీసుల చుట్టూ అమ్మను వెంటబెట్టుకుని తిరిగింది. ఆ డబ్బు పెద్దదేమీ కాదు. గది కిరాయి కట్టి బియ్యం తెస్తే అయిపోయేది. కానీ ప్రతి నెలా వచ్చేది. వానొచ్చినా, దగ్గొచ్చినా, యార్డు మూతపడినా వచ్చేది. మొదటి రెండు నెలలు అమ్మ దాన్ని నమ్మలేదు. మూడో నెల కూడా చేతికొచ్చాక, ఇంటికి వచ్చి చాలాసేపు గడప మీద ఊరికే కూర్చుంది.

ఆ మర్నాడే మేస్త్రీకి రానని చెప్పింది. పొద్దున్నే ట్రాలీ ఆటోలో వచ్చి ఆడవాళ్ళను ఎక్కించుకుపోయే మనిషి అతను. వీధి మలుపులో ఆటో ఆపి కేకేసేవాడు.

"అక్కా, జల్దీ రా. కుప్పలు పడున్నయ్."

"ఇయ్యాల రాను అన్నా. పానం బాగలేదు."

"సీజన్ల గిట్ల నాగా పెడితే ఎట్ల? రేపటి సంది నిన్ను పిలవను మరి!"

"పిలవకు," అంది అమ్మ నెమ్మదిగా.

అతను నమ్మలేనట్టు చూసి ఆటో పోనిచ్చాడు. అమ్మ లోపలికొచ్చి నాకు జడ వేసింది. ఆ పొద్దు ఇంకా మిర్చి ముట్టని చేతులవి. నా మెడ మీద ఆమె వేళ్ళు తగులుతుంటే కొత్తగా ఉండి, తల్లి రెక్క కింది కోడిపిల్లలా కదలకుండా కూర్చున్నాను.

నేను బడి నుంచి వచ్చి అమ్మ నిద్రను చూసింది ఆ మధ్యాహ్నమే. పక్కనే పడుకున్నాను. రేకులు ఎండకు టప్పుమంటున్నాయి. కాసేపటికి అమ్మ నిద్రలోనే మాట్లాడింది. తెలుగు కాదు. నాకు తెలియని మాటలు, మెత్తగా, ఒకదాని మీద ఒకటి జారుతూ. మధ్యలో నవ్వింది కూడా. ఆ నవ్వు చిన్నపిల్లది.

లేచాక అడిగాను. "నిద్దట్ల ఎవరితో మాట్లాడినవమ్మా?"

"మాట్లాడిన్నా?"

"అవ్. నవ్వినవ్ గూడ. ఏం భాష అది?"

అమ్మ సిగ్గుపడింది. "మా కోయ మాట బిడ్డా. మా అక్కతోని కొట్లాడుతున్న. ఇప్ప చెట్టు కింద." "ఎన్నేండ్లాయె, కల రాక," అంది.

అమ్మది ములకలపల్లి అవతల, అడివి అంచున ఒక చిన్న పల్లె అని నాకు తెలుసు. వెదురు లోడింగుకు ఆ వైపు వెళ్ళిన నాన్న ఆమెను చూసి ఇష్టపడి చేసుకున్నాడట. కానీ టౌనుకు వచ్చాక అమ్మ నోట ఆ భాష ఎప్పుడూ వినలేదు. వినేవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పపూలు రాలే కాలమూ యార్డులో మిర్చి పోటెత్తే కాలమూ ఒకటే కాబట్టి, పెళ్ళయినప్పటి నుంచీ ఒక్క ఎండాకాలమైనా ఆమె ఊరికి పోలేదు.

ఉగాది సెలవులకు పోయాం. కొత్తగూడెం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. తర్వాత ఎర్రమట్టి బాట వెంట నడక. మోదుగుపూలు రాలి బాటంతా నిప్పుకణికలు పరిచినట్టుంది. అమ్మ చెప్పులు విప్పి చేత పట్టుకుంది. నడిచేకొద్దీ ఆమె వయసు తగ్గుతున్నట్టు అనిపించింది నాకు.

పెద్దమ్మ మమ్మల్ని చూసి పలకరించలేదు. కట్టెలు చీలుస్తూనే ఉంది. అమ్మ కోయలో ఏదో అంది. పెద్దమ్మ గొడ్డలి కింద పెట్టి, నాకు అర్థం కావాలనేమో, తెలుగులో అంది.

"దారి మరవలేదా?"

"మరవలేదక్కా."

"మన అయ్య నీకిచ్చిన చెట్టు పూలు గూడ నేనే ఏరుకుంటున్న. ఎవరూ రాకపాయె."

"ఏరుకో. అడగనీకి రాలేదు. పండుకోనీకి వచ్చిన."

పెద్దమ్మకు అది అర్థం కాలేదు. కానీ నవ్వింది. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని వాకిట్లోనే ఏడ్చారు.

తెల్లవారకముందే నన్ను లేపారు. బుట్టలు పట్టుకుని చెట్ల దగ్గరికి వెళ్ళాం. వెలుగు ఇంకా నీళ్ళు కలిపిన పాలలా పల్చగా ఉంది. ముందు వాసన వచ్చింది, తియ్యగా, బరువుగా, కళ్ళు మూతలుపడేలా. తర్వాత చప్పుడు. టప్. టప్. ఆకులు రాలిపోయిన కొమ్మల నుంచి పూలు వాటంతట అవే రాలుతున్నాయి. లేతపసుపు రంగులో, రసంతో ఉబ్బి, ఒక్కొక్కటే. ఎవరూ చెట్టును ఊపడం లేదు. కొమ్మకు చెయ్యి చాచడం లేదు. ఒకటి నా తల మీద పడింది, ఇంకొకటి అమ్మ వీపు మీద. అక్కచెల్లెళ్ళిద్దరూ వంగి ఏరుతూ, నేను గదిలో విన్న ఆ జారుడు మాటల్లోనే మాట్లాడుకుంటున్నారు. నేను ఏరడం మానేసి చెట్టు మొదట్లో కూర్చున్నాను. అమ్మ చూసి, నా బుట్ట కూడా తనే తీసుకుంది. పొద్దెక్కేదాకా అక్కడే నిద్రపోయానట.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దమ్మ ఒక మూట అడ్డాకులు కట్టిచ్చింది.

"టౌన్ల ఫంక్షన్లకు విస్తర్లు కావాలె గద. కుట్టి చూడు. పోకపోతే పోనీ."

"పోకపోయినా తిండికి ఫికరు లేదక్కా," అంది అమ్మ.

ఆ మాట ఆమె అంతకుముందు ఎప్పుడూ అనగా వినలేదు. మొదటి మూట నిజంగానే సరిగా పోలేదు. కుట్లు వదులై, పెళ్ళివాళ్ళు సగం వాపసు ఇచ్చారు. అయినా ఆ నెల మేము పస్తులుండలేదు. అమ్మ మళ్ళీ కుట్టింది. పెద్దమ్మ బస్సు మీద మూటలు పంపేది, నేను బస్టాండుకు పోయి దింపుకునేదాన్ని. మరుసటి సీజనులో మేస్త్రీ మళ్ళీ వచ్చి పిలిచాడు. అమ్మ వారానికి రెండు రోజులే వస్తానంది. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆ పైయేడు ఆ రెండు రోజులూ మానేసింది. మిర్చి ఘాటుకు పట్టిన దగ్గు పూర్తిగా పోలేదు కానీ, దానితో రాత్రిళ్ళు లేచి కూర్చోవడం తగ్గింది.

ఒకసారి ఎండాకాలం చివర ఉరుములతో వాన మొదలైంది. వాకిట్లో ఆరబెట్టిన ఆకులన్నీ ఒళ్ళో పట్టినన్ని లోపలికి మోశాం. ఉన్న ఒక్క మంచం మీద పోశాం, మూలన పోశాం, పొయ్యి పక్కన పోశాం. కాళ్ళు పెట్టే చోటు లేదు. మధ్యలో కొద్దిగా చోటు చేసుకుని ఇద్దరం నేల మీద పడుకున్నాం. రేకుల మీద వాన, గదినిండా పచ్చి ఆకుల వాసన. అమ్మ తన అరచేతిని నా చెంప కింద పెట్టింది.

"అన్నం వండాలె," అంది, లేవకుండానే.

"తర్వాత," అన్నాను.

"సరే," అంది.