పళ్ల బాబాయి వాక్యపఠనం

అందరూ ఆయన్ని పళ్ల బాబాయి అనేవారు. ఆ పేరు విని కొత్తవాళ్లు ఆయనకు పళ్ల దుకాణం ఉందనుకునేవారు. వీధి చివర అద్దెకు దిగిన ఒకావిడైతే సంచీ పట్టుకుని ఇంటికే వచ్చి, ఆపిల్స్ ఉన్నాయా అని అడిగింది. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా, "ఉన్నవి పళ్లేనమ్మా. కాకపోతే వీటిని తినలేం, వీటితో తినాలి" అని సమాధానం చెప్పి పంపాడు.

ఆయన పని కట్టుడుపళ్లు తయారుచేయడం. పళ్ల డాక్టరమ్మగారి ఆసుపత్రి వెనకగదిలో, కిటికీ పక్కన ఆయన బల్ల ఉండేది. డాక్టరమ్మ మనుషుల చిగుళ్లకు అచ్చు తీసి పంపితే, ఆయన అందులో ప్లాస్టర్ పోసి, అది గట్టిపడ్డాక గులాబీరంగు మైనంలో ఒక్కో పన్నునూ నిలబెట్టేవాడు. సానపట్టే మోటారు ముందు కూర్చుని లేచేసరికి ఆయన కనుబొమలు కూడా తెల్లబడేవి.

ఆయన నోట్లో మాత్రం సొంత పన్ను ఒక్కటీ లేదు. నలభై దాటగానే చిగుళ్ల జబ్బు వచ్చి అన్నీ ఊడ్చుకుపోయింది. ఉన్నది స్వహస్తాలతో చేసుకున్న సెట్టే. ఏళ్లు గడిచేకొద్దీ చిగుళ్లు అరిగి పై సెట్టు వదులైంది. బాగుచేసుకోవాలని రోజూ అనుకునేవాడు. పరాయివాళ్ల నోళ్లు చక్కబెట్టడంలో పడి తన నోటి సంగతి వాయిదా వేస్తూ, అంటించుకునే పొడితో నెట్టుకొచ్చేవాడు.

చర్చిలో వాక్యం చదవడమంటే బాబాయికి ప్రాణం. గొంతు గంభీరంగా ఉంటుంది, ఎక్కడ ఆగాలో ఎక్కడ పెంచాలో తెలుసు. ఆ ఆదివారం కూడా చదివే వంతు ఆయనదే. పొద్దున్నే పొడి డబ్బా తిరగేసి కొడితే చిటికెడు కూడా రాలలేదు. చదవాల్సింది చిన్న కీర్తనే కదా, ఏం కాదులే అనుకుని బయల్దేరాడు.

శత్రువులు చుట్టుముట్టినవాడు దేవుడికి మొరపెట్టుకునే కీర్తన అది. చివర్లో, దేవుడు దుర్మార్గుల పళ్లు విరగ్గొడతాడన్న మాట వస్తుంది. బాబాయి అక్కడికొచ్చి గొంతు పెంచాడు. 'పళ్లు' అన్నాడో లేదో, పై సెట్టు నోట్లోంచి ఎగిరి మైకుకు టంగుమని తగిలి, మెట్టుమీద పడి, నున్నటి గచ్చుమీద జారుకుంటూ వెళ్లి ముందు బెంచీలో ఉన్న సంఘపెద్ద బూటు దగ్గర ఆగింది. సంఘపెద్ద నవ్వగా చూసినవాళ్లెవరూ లేరు. ఆయన ఆ సెట్టు వంక చూసి, బాబాయి వంక చూసి, మెల్లగా కాలు వెనక్కు తీసుకున్నాడు.

బాబాయికి చెవులు కాలిపోతున్నాయి. పక్క తలుపు తెరిచే ఉంది, అటునుంచి అటే ఇంటికి పోదామా అనిపించింది. ప్రభువా, ఇప్పుడేం చెయ్యను అని మనసులోనే అడిగాడు. పైనుంచి ఏ మాటా వినబడలేదుగాని కాళ్లు ముందుకు నడిచాయి. దిగి వెళ్లి, వంగి సెట్టు తీసుకుని, రుమాలుతో తుడిచి, జనం వైపు వీపు తిప్పి నోట్లో పెట్టుకుని, బొటనవేలితో గట్టిగా నొక్కి మళ్లీ మైకు దగ్గరికి వచ్చాడు.

"క్షమించండి. ఈ ప్రార్థనకు ఇంత తొందరగా జవాబు వస్తుందనుకోలేదు. నేను ఏ పక్షంలో ఉన్నానో ఇంటికెళ్లి ఆలోచించుకుంటాను" అన్నాడు.

చర్చి మొత్తం ఒక్కసారిగా గొల్లుమంది. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. సంఘపెద్ద రుమాలుతో ముఖం కప్పుకున్నాడుగాని భుజాలు ఎగిరెగిరి పడడం వెనకవాళ్లకు కనిపిస్తూనే ఉంది. నవ్వులు సద్దుమణిగాక బాబాయి వేలితో పళ్లు అదిమిపట్టుకుని మిగిలిన ముక్క చదివి దిగాడు.

ఇల్లు చేరేసరికి ఆ హుషారంతా నీరుగారిపోయింది. అన్నం కెలికి వదిలేసి, ఇకమీదట చదివే పని వేరేవాళ్లకు ఇమ్మని పాస్టరుగారితో చెప్పేస్తానన్నాడు. చర్చిలో అందరికంటే ఎక్కువ నవ్విన మనిషి ఆయన భార్యే. అంతమందిని నవ్వించి ఇప్పుడీ దిగులేమిటని ఆవిడ అడిగింది. అప్పుడు నవ్వించకపోతే ఏడుపొచ్చేదని ఆయన ఒప్పుకున్నాడు.

ఆవిడ కంచం ఆయన ముందుకు మళ్లీ జరిపింది. "రోజూ తెల్లవారగానే బోసినోటితో మోకరించి ప్రార్థన చేస్తారు. పక్కనే ఉన్న నాకే సగం మాటలు అర్థం కావు. దేవుడెప్పుడైనా మళ్లీ చెప్పమన్నాడా?"

బాబాయికి ఆ మాట సూటిగా తగిలింది. నిజమే, తన లొట్టబుగ్గలు రోజూ చూస్తున్నవాడు ఏనాడూ ముఖం తిప్పుకోలేదు. ఆయన ముందు లేని సిగ్గు, ఒక్క నిమిషం చూసి నవ్వుకున్న తోటివాళ్ల ముందు దేనికి? ఆ మధ్యాహ్నం కావాలనే సెట్టు తీసి గ్లాసులో వేసి మోకరించాడు. లేచేసరికి ఆకలి వేసింది.

ఆ వారంలోనే టీచరమ్మగారిని వాళ్ల కోడలు ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఆవిడ స్కూల్లో సంగీతం చెప్పి రిటైరై, చర్చి పాటల బృందాన్ని ఒంటిచేత్తో నడిపించిన మనిషి. కొంతకాలంగా చర్చి ముఖం చూడలేదు. బాబాయి చేసిన పళ్లే పెట్టించుకుంది. పెట్టుకున్న కొత్తలో, నోటికి ఇంకా అలవాటు కాకముందే, భోజనాల బల్ల దగ్గర వియ్యాలవారి ముందు కింది సెట్టు జారి పులుసులో పడింది. అప్పట్నుంచి గదిలో తలుపు వేసుకుని తింటోందనీ, పాట అన్నదే లేదనీ కోడలు చెప్పింది. సెట్టులో లోపమేమీ లేదని డాక్టరమ్మ పరీక్షించి తేల్చేసింది. టీచరమ్మగారు నమ్మకుండా, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చేసినవాణ్ణే అడుగుతానని వెనకగదికి వచ్చింది.

బాబాయి ఆవిడకు కుర్చీ వేసి, ఆదివారం సంగతి పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. ఆవిడ నవ్వలేదు. అయ్యో పాపం అంది. కొంగు అడ్డం తీయకుండానే, "సరిగ్గా ఎక్కడ ఊడిందయ్యా?" అని అడిగింది.

"దుర్మార్గుల పళ్లు విరగ్గొట్టే చోట, టీచరమ్మగారూ."

ముందు ఆవిడ కళ్లు నవ్వాయి. తర్వాత భుజాలు కదిలాయి. ఆపుకుందామని చూసిందిగాని వల్లకాక, కొంగు వదిలేసి, కడుపు పట్టుకుని పగలబడి నవ్వింది. కోడలు కంగారుపడి తలుపు దగ్గరికి వచ్చి, అత్తగారు నోరంతా కనబడేలా నవ్వడం చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఇంత నవ్వినా కదల్లేదు చూశారా? నావైతే ఈపాటికి వీధిలో ఉండేవి" అన్నాడు బాబాయి.

టీచరమ్మగారు నాలుకతో పళ్లు తడిమి చూసుకుంది. సరిగమలు పాడింది, మొదట మెల్లగా, తర్వాత ఆసుపత్రి ముందుగదిలో కూర్చున్నవాళ్లు తల తిప్పి చూసేంత గట్టిగా. పళ్లు ఉన్నచోటే ఉన్నాయి. ఆవిడ వెళ్లగానే డాక్టరమ్మ బాబాయిని పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరవమంది. వారం తిరగకుండా ఆయన నోట్లో కొత్త సెట్టు కుదురుకుంది. వాక్యం చదివే వంతు కూడా ఆయన వదులుకోలేదు.

ఆ తర్వాతి శనివారమే టీచరమ్మగారు పాటల సాధనకు వచ్చింది. వస్తూ వస్తూ, మంచి గొంతు వృథా కాకూడదని బాబాయిని కూడా లాక్కొచ్చి వెనక వరసలో నిలబెట్టింది. రెండు చరణాలు విన్నాక చెయ్యెత్తి అందర్నీ ఆపింది. బాబాయికి చదవడమే తప్ప రాగం తెలియదని ఆమెకు అప్పుడే తెలిసింది. "నువ్వు నోరు కదుపు చాలు నాయనా. మిగతాది దేవుడికి అర్థమవుతుంది" అంది. బాబాయి అందరితో పాటు నవ్వి, ఆ వరసలోంచి మాత్రం కదలకుండా, ఆవిడ చెప్పినట్టే నోరు బార్లా తెరిచి మూయసాగాడు.