నచ్చనట్టు పెట్టిన మొహం

మొహం చూసి మనసులో మాట పట్టేయగలనని నాకు గట్టి నమ్మకం ఉన్న రోజులవి. తెనాలిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. గల్లాపెట్టె పక్కన పీట మీద కూర్చుని పెరిగినదాన్ని కాబట్టి, వచ్చినావిడ కళ్లు ఏ బిందె మీద క్షణం ఎక్కువ ఆగాయో నాన్నకంటే ముందే కనిపెట్టేదాన్ని. మేమే ఏదైనా కొనడానికి వెళితే మాత్రం నాయనమ్మ పాఠం వేరు. "నచ్చినట్టు మొహంలో కనపడిందా, ఇంక రేటు దిగదే," అనేది. అందుకని నచ్చిన వస్తువు ముందు పుల్లమజ్జిగ తాగిన మొహం పెట్టడం మా ఇంటిల్లిపాదికీ అలవాటు. (పుట్టినరోజు గౌను చూసి కూడా అలాగే పెట్టానట.)

బాపట్లలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరి, ఆ మొహంతోనే అద్దెగది కోసం ఒక రిటైరైన టీచరమ్మగారింటికి వెళ్లాను. మేడమీద ఒకటే గది. తలుపు తీయగానే సూర్యలంక సముద్రం వైపు నుంచి గాలి వచ్చి కిటికీ పరదాను నెమ్మదిగా లోపలికి ఊది, మళ్లీ వెనక్కి లాక్కుంది. కాళ్లకింద గచ్చు చల్లగా ఉంది. దూరంగా సరుగుడు చెట్లు, వాటిపైన ఏమీ లేని ఆకాశం. అక్కడ కూర్చుంటే ఊరూ పేరూ కూడా మరిచిపోవచ్చనిపించింది. వెంటనే జాగ్రత్తపడి, పైకప్పు వంక చూసి పెదవి విరిచాను. అద్దె కొంచెమైనా దిగుతుందని నా ఆశ.

ఆవిడ నా మొహం చూసి చాలా నొచ్చుకున్నారు. నచ్చని గదిలో ఆడపిల్ల ఎలా ఉంటుంది, మంచిది తనే వెతికిపెడతానని గొడుగు తీశారు. వద్దనడానికి నాకు పరువు అడ్డం. మిట్టమధ్యాహ్నం వీధులన్నీ తిప్పి మూడిళ్లు చూపించారు. ఒక గదికి కిటికీయే లేదు. ఇంకోదానికి ఉంది గానీ అవతల గేదెల పాక. ప్రతిచోటా నేను (ఈసారి నిజంగానే) మొహం మాడ్చుకుంటుంటే, ఆవిడ ఇదీ నచ్చలేదా అని మరింత దిగులుపడ్డారు. మధ్యలో ఎవరితోనో ఫోన్లో మాట్లాడారు కూడా.

మూడో ఇంటి అరుగు మీద నా ఓపిక అయిపోయింది.

"మీ గదే నచ్చిందండి. చూడగానే నచ్చింది."

"మరి ఆ మొహం ఏంటి తల్లీ?"

"అద్దె తగ్గిస్తారేమోనని అండి."

ఆవిడ గొడుగు మడిచి నా పక్కన కూలబడ్డారు. "అడిగితే తగ్గించేదాన్ని కదమ్మా. రేపల్లె నుంచి బదిలీ అయి వచ్చిన గుమస్తాగారికి ఇందాకే ఫోన్లో మాటిచ్చేశాను."

అలవాటు కొద్దీ ఆ మాట వెనక ఇంకేముందోనని ఆవిడ మొహమంతా వెతికాను. వెనక ఏమీ లేదు. ఉన్న బాధంతా పైనే ఉంది.

గేదెల పాక పక్క గదిలో రెండేళ్లున్నాను. సాయంత్రం బడి నుంచి వస్తూ తలెత్తి ఆ మేడకేసి చూసేదాన్ని. గుమస్తాగారికి గాలి పడదట, కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది.

ఇప్పుడు బంధువుల్లో ఎవరు చీర కొనాలన్నా బేరానికి నన్నే తీసుకెళతారు. అయినా ఏ మధ్యాహ్నమో కునుకు పట్టబోయే వేళ, ఆ గది గుమ్మంలో పెదవి విరిచి నిలబడ్డ ఇరవై మూడేళ్ల పిల్ల కళ్లముందుకొస్తుంది. భుజం పట్టుకుని కుదిపి, నవ్వవే పిచ్చిదానా, నచ్చిందని ఒక్కసారి నవ్వేయవే అని చెప్పాలనిపిస్తుంది.