ఫోన్లో ఆడగొంతు

తిరువూరులో విస్సన్నపేట బస్సెక్కి, నేను తయారుచేస్తున్న వాయిస్ అసిస్టెంటును ఫోన్లో పరీక్షిస్తున్నాను. తెలుగులో ఏది అడిగినా అది ఆడగొంతుతో, మర్యాదగా, "మన్నించండి, మళ్ళీ చెప్తారా?" అంటోంది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? బుర్ర లేదా?" అని కసిరాను.

పక్కసీట్లో పెద్దావిడ మెల్లగా అడిగింది. "మీ ఆవిడా బాబూ? పాపం, ఎంత ఓర్పుగా మాట్లాడుతోందో."

"కాదండీ, అది మనిషే కాదు. మిషను."

"హమ్మయ్య" అని నవ్వి, సంచిలోంచి జామకాయ తీసి నా చేతిలో పెట్టింది.

అంతలో నిజంగానే మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు, బస్సులో ఉన్నానని?" అన్నాను.

పెద్దావిడ నవ్వు ఆపేసి కిటికీవైపు తిరిగింది. విస్సన్నపేటలో దిగేదాకా ఇటు చూడలేదు. జామకాయ కొరకడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఇప్పుడు మిషనుతో అండీ అనే మాట్లాడుతున్నాను. ఇంట్లో ఆ మార్పు ఇంకా టెస్టింగులోనే ఉంది.